కోవూరు మాస్టారి దెయ్యం

ఊరన్నాక దెయ్యాల్ని నమ్మేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు, నమ్మనివాడు ఊరికి ఒక్కడుంటాడు. నమ్మేవాళ్లకి దెయ్యాలతో రోజూ పనేమీ ఉండదు. పిల్లాడు దడుచుకుంటేనో, అర్ధరాత్రి చింతచెట్టు కింద నుంచి పోవాల్సి వస్తేనో గుర్తొస్తాయి. అప్పటికి ఓ నిమ్మకాయ దిగదుడిచి నాలుగు వీధుల మధ్య పారేసి, కాళ్లు కడుక్కుని పడుకుంటారు. తీరిక లేనిదల్లా నమ్మనివాడికే. లేచింది మొదలు ఆయనకి వాటి ధ్యాసే. కొరివిదెయ్యం ఏ తిథిన కనిపిస్తుందంటారో, కామినీ పిశాచం ఏ చెట్టు మీద కాపురముంటుందంటారో, బ్రహ్మరాక్షసి కావాలంటే బతికుండగా ఉండవలసిన అర్హతలేమిటో ఆయన్ని అడగాలి. భూతవైద్యుడికైనా మధ్యలో సందేహమొస్తుందేమో గానీ ఆయనకి రాదు.

మా ఊళ్లో ఆ ఒక్కడు హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు. ఆయన పేరు హాజరుపట్టీలోనే ఉండేది. ఊరికి మాత్రం ఆయన కోవూరు మాస్టారు. నోరు తెరిస్తే "కోవూర్ ఏమన్నాడంటే" అనేవారు. కేరళలో పుట్టి, శ్రీలంకలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి, దెయ్యాల కొంపలు గాలించడమే పనిగా పెట్టుకున్న అబ్రహాం కోవూర్ గురించి మా ఊరికేం తెలుసు? మాస్టారిది నెల్లూరు పక్క కోవూరని సగం మందీ, కాదు గోదారి ఒడ్డు కొవ్వూరని సగం మందీ అనుకునేవారు. ఈ సంగతి మీద రచ్చబండ దగ్గర వాదన కూడా జరిగింది. మాస్టారింట్లో దేవుడి పటం ఉండవలసిన గూట్లో కోవూర్ ఫొటో ఉండేది. అగరొత్తి వెలిగించేవారు కాదు గానీ, రోజూ స్నానం చేసి వచ్చి దుమ్ము తుడిచేవారు.

అతీతశక్తులున్నాయని రుజువు చేసినవాళ్లకి లక్ష రూపాయలిస్తానని కోవూర్ 1963లో సవాలు విసిరారు. సీలు వేసిన కవరులోని నోటు నంబరు చదివి చెప్పడం అందులో ఒక పరీక్ష. బడిపంతులు జీతంలో లక్షెక్కడిది? అంచేత మా మాస్టారు తన తాహతుకి తగ్గట్టు వెయ్యినూటపదహార్లు ప్రకటించి, వాకిట్లో నల్లబోర్డు పెట్టారు. అటుగా పోతున్న పురోహితుడు గారు చదివి, "అంతా బావుంది మాస్టారూ, చివర ఆ పదహారు శుభానికేనా?" అని అడిగి వెళ్లిపోయారు. మర్నాటికి బోర్డు మీద 1,115 అయింది.

ఇది ఒంటరిగా పుట్టిన జబ్బు కాదు. మాకు దగ్గర్లోనే, ఉయ్యూరు పక్క ముదునూరులో, 1940లో గోరా నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది బెజవాడ పటమటకి మారిపోయింది. మారినా మా కాలవ కింది ఊళ్లలో ఆ గాలి మిగిలిపోయింది. చిన్నప్పుడే మాస్టారికి ఆ గాలి సోకిందని, అప్పట్లో సరైనవాడు వేపమండ పట్టి ఉంటే వదిలిపోయేదని మా నాయనమ్మ గట్టి నమ్మకం.

ఇలాంటివాళ్ల దినచర్య చూడాలి. ఊళ్లో ఏటా ఉగాదికి పంచాంగం కొనేవాళ్లు ఇద్దరే. ఒకరు పురోహితుడు గారు, రెండోది మాస్టారు. రాహుకాలం ఎప్పుడో తెలియకపోతే సరిగ్గా రాహుకాలంలో బయల్దేరడం ఎలా కుదురుతుంది? సోమవారం ఏడున్నర, శుక్రవారం పదిన్నర, ఆదివారం సాయంత్రం నాలుగున్నర. గడియారం ఆ ముల్లు దగ్గరికి రాగానే గొడుగు పుచ్చుకుని గుమ్మం దిగేవారు. పోనుపోను వీధి వీధంతా గడియారాలు చూడ్డం మానేసింది. "మాస్టారు దిగారు, కాసేపాగి వెళ్లండి" అనుకునేవారు. పిల్లి ఎదురొస్తే దానికి దారిచ్చి మరీ పలకరించేవారు. ఎవరైనా తుమ్మితే, ఎక్కడికీ వెళ్లే పని లేకపోయినా లేచి బయల్దేరేవారు. జలుబు రోజుల్లో ఆయన ఇంటిపట్టున ఉన్నది తక్కువ. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టినప్పుడు ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే, మాస్టారొక్కరే నడివీధిలో కుర్చీ వేసుకుని పులిహోర తిన్నారట. ఆ పులిహోర కలిపి పెట్టిన మాస్టారి భార్య మాత్రం వంటింట్లో ప్రతి గిన్నెలోనూ దర్భ వేసి ఉంచారు. ఇలాంటి ఇళ్లలో కాపురాలు సాగడానికి ఇదొక ఏర్పాటు.

ఇక ప్రదర్శనలు. ఆయన ట్రంకుపెట్టె మోసే ఉద్యోగం నాది. అందులో నిమ్మకాయలు, కొబ్బరికాయ, కర్పూరం, పొటాషియం పర్మాంగనేట్ పొట్లం, గ్లిజరిన్ సీసా, కిరసనాయిల్లో ముంచిన సోడియం ముక్క. కొబ్బరికాయ పీచులో సోడియం దాచి మీద నీళ్లు చల్లితే మంట లేచేది. పసుపు పూసిన కాగితం మీద సున్నపునీళ్లు పడితే రక్తం కారేది. కర్పూరం వెలిగించి నాలుక మీద పెట్టుకునేవారు. ఒకసారి నిప్పులగుండం తొక్కి, బొగ్గు వేడిని మెల్లగా వదుల్తుంది కాబట్టి చకచకా నడిస్తే కాలదని అరికాళ్లు ఎత్తి చూపించారు. జనం నోళ్లు తెరుచుకుని చూశారు. ఆ వారంలోనే ఇద్దరు తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చి, మాస్టారి చేత్తో తాయెత్తు కట్టించమని వాళ్లావిణ్ణి బతిమాలారు. ఆవిడ మొహమాటపడి ఒకరికి కట్టేశారు కూడా. ఆ పిల్లాడికి జ్వరం తగ్గడం మాస్టారి జీవితంలో పెద్ద దెబ్బ.

ప్రతి సభ చివరా రెండు మాటలు తప్పనిసరి. ఒకటి, శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఏ అధికరణం చెబుతున్నదనీ, 1976లో 42వ సవరణతో అది వచ్చిందనీ. రెండోది సవాలు: "దెయ్యమే ఉంటే, నా ఎదుటికొచ్చి ఔనని తల ఊపమనండి. ఆ క్షణం నుంచి హేతువాదం మానేస్తాను." ఈ రెండో మాటకి చప్పట్లు ఎక్కువ పడేవి.

తొంభైల్లో తెలుగునాట ఇంటి తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు గుర్తున్నాయా? రాత్రిళ్లు ఒక ఆడదెయ్యం వచ్చి అయినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికితే అంతేననీ పుకారు. తలుపు మీద ఆ రాత చూసి, సరే రేపొద్దామని వెళ్లిపోతుందట. రేపొచ్చి మళ్లీ అదే చదువుకుంటుందట. కన్నడదేశంలోనూ ఇదే జరిగింది, వాళ్లు వాళ్ల భాషలో రాసుకున్నారు. మా ఊళ్లో ఆ రాతలు చెరపడానికి మాస్టారు బక్కెట్టు, తడిగుడ్డ పట్టుకుని బయల్దేరారు. పెట్టె మోసేవాణ్ణి కనక బక్కెట్టు నా చేతికే వచ్చింది. మూడోయింటి దగ్గర ఆగిపోయారు. అక్కడ "స్త్రీ"కి దీర్ఘం లేదు. ఆయన మొహం అదోలా అయిపోయింది. జేబులోంచి సుద్దముక్క తీసి దీర్ఘం పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, తృప్తిపడి, అప్పుడు తుడిచారు. సాయంత్రానికి ఆ ఇంటివాళ్లు మళ్లీ రాసుకున్నారు. ఈసారి దీర్ఘంతో.

ఆ ఏడే ధనుర్మాసంలో ఆ రాత్రి వచ్చింది.

బెజవాడలో మూఢనమ్మకాల మీద సభ. పందెం కాసి శ్మశానంలో మేకు దిగ్గొట్టబోయి, తన పంచెకే కొట్టుకుని, దెయ్యం లాగుతోందని గుండాగి చచ్చినవాడి కథ చెప్పి మాస్టారు జనాన్ని నవ్వించారు. ఆ కథ ఆయన చెప్పని సభ లేదు. సభ ముగిసి ఆఖరి బస్సెక్కితే కంకిపాడు దగ్గర టైరు పేలింది. దాన్ని మార్చి, మంచులో మెల్లగా నడుపుకుంటూ మా రోడ్డు దగ్గర దింపేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. అక్కణ్ణుంచి ఊళ్లోకి కాలవగట్టు మీద మైలున్నర. చేతిలో గొడుగు, భుజాన సంచి, బ్యాటరీలు నీరసించిన టార్చి. సంచిలో ప్రదర్శనకి వాడగా మిగిలిన అరటిపళ్లు. ఈ అరటిపళ్లని కాస్త గుర్తుంచుకోండి.

లాకుల దగ్గర పెద్ద చింతచెట్టు ఉంది. దాని మీద ఊళ్లో లేని కథ లేదు. మాస్టారు దాని కిందనుంచి ఎన్నిసార్లు నడిచారో లెక్కలేదు. రాత్రిళ్లు చెట్లు బొగ్గుపులుసు వాయువు వదుల్తాయి కాబట్టి దాని కింద పడుకున్నవాడికి గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంటుందని మాకు పాఠంలో చెప్పింది కూడా ఆయనే. ఆ రాత్రి చెట్టు దాటి పాతికడుగులు వేశారో లేదో, వెనక గల్లుమంది. ఆగారు. అదీ ఆగింది. నడిచారు. గల్లు గల్లు. ఆగారు. నిశ్శబ్దం.

ఇక్కడిదాకా శాస్త్రం బాగానే పనిచేసింది. ప్రతిధ్వని అనుకున్నారు. పొలంలో గాలికి ఊగుతున్న డబ్బా అనుకున్నారు. తర్వాత మెడ మీద వేడిగాలి తగిలింది, బుస్సుమని చప్పుడుతో సహా. ప్రతిధ్వనికి ఊపిరి ఉండదు.

వెనక్కి తిరిగి టార్చి కొట్టారు. మంచులో టార్చి వేస్తే మంచే కనిపిస్తుంది. ఆ తెల్లదనంలో ఇంకాస్త తెల్లగా, మనిషికన్నా వెడల్పుగా, బొంత కప్పుకున్న ఆకారం ఒకటి. దాని పైన, తన తలకన్నా ఎత్తులో, మెరుస్తున్నవి రెండు.

ఎంతైనా ఇన్నేళ్ల అలవాటు. మాస్టారు గొంతు సవరించుకుని, సభల్లో అడిగినట్టే గట్టిగా, "ఎవరది? దెయ్యానివా?" అన్నారు.

అది ఔనని తల ఊపింది.

"నన్నెరుగుదువా?"

తల ఊపింది.

"నాకోసమే వచ్చావా?"

ఈసారి తల ఊపడమే కాదు, ముంగాలు ఒకటి ఎత్తి ముందుకి అడుగేసింది.

పాఠకులకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పండగనెలకి వచ్చిన గంగిరెద్దులవాళ్లు లాకుల దగ్గర దిగారు. చలికి ఎద్దు మీద బొంత కప్పి, కొమ్ముల ఇత్తడి కుప్పెలు తీయకుండానే కట్టేశారు. అది పలుపు వదిలించుకుంది. మనిషి నడిస్తే వెంట నడవడం, గుమ్మం ముందు ఆగితే ఆగడం, గట్టిగా ఏదడిగినా తల ఊపడం, ఊపాక పెట్టే అరటిపండు కోసం చూడ్డం దాని వృత్తి. వృత్తిధర్మం అది తప్పలేదు. తప్పిందల్లా మాస్టారే. పరీక్షన్నాక ఎదురుపరీక్ష ఉండాలని మాకు నేర్పిన మనిషి, నాలుగో ప్రశ్నగా "నువ్వు జిల్లా విద్యాశాఖాధికారివా?" అని అడిగుంటే సరిపోయేది. దానికీ ఊపేది. అడగలేదు. తల ఒప్పుకోని విషయాన్ని కాళ్లు ముందే ఒప్పేసుకున్నాయి.

గట్టు దిగి, మినపచేను అడ్డంగా తొక్కి, ఊరి చివరిల్లు మాదైతే మా దొడ్డిదారిన వచ్చారు. పండక్కి వెల్లవేయించడానికి మా నాయనమ్మ దొడ్లో పెద్ద తొట్టి నిండా సున్నం కలిపించి పెట్టింది, నీలిమందు కూడా వేయించి. చీకట్లో మాస్టారు నిలువునా అందులోకి వెళ్లి, నిలువునా పైకి లేచారు. లేచి మళ్లీ పరుగు.

ఇలాంటప్పుడు మనబోటివాళ్లకైతే ఆంజనేయ దండకముంది. హేతువాదికి ఏముంది? నోటికి ఏదో ఒకటి కావాలి కదా. మాస్టారు మూలకాలు అందుకున్నారు. హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం... తెల్లారకుండా ముగ్గులేసుకుంటున్న ముగ్గురు ఆడవాళ్ల ముందునుంచి, తల మొదలు పంచె అంచుదాకా నీలంగా తెల్లగా మెరిసిపోతూ, బోరాన్, కార్బన్ అంటూ దూసుకుపోయారు. వరస ఎక్కడా తప్పలేదట. రామాలయం మలుపు తిరిగేసరికి కాల్షియం దాకా వచ్చారు. ఒంటి నిండా ఉన్నదీ అదే.

తెల్లవారేసరికి ఊళ్లో కొత్త దెయ్యం పుట్టింది. ముగ్గురూ చూశారు, ముగ్గురూ విన్నారు. తెల్లగా ఉన్నాడు, ఇంగ్లీషులో తిట్టుకుంటూ పోయాడు. ఇంకెవరై ఉంటారు? దొర! బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855కి పూర్తయిందని, కెప్టెన్ ఆర్ కట్టించాడని మా ఊళ్లో చదువుకున్నవాళ్లకి తెలుసు. ఆ పనుల్లో ఎవరో చిన్నదొర మన లాకుల దగ్గర కాలవలో పడి పోయాడని మధ్యాహ్నానికి తేలింది. లాకుల తాళంచెవి అతని జేబులోనే ఉండిపోయిందని, దానికోసమే తిరుగుతున్నాడని సాయంత్రానికి ఖాయమైంది.

నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే. సున్నం తొట్టిలో గొడుగు దొరికింది. పొద్దున బియ్యానికొచ్చిన గంగిరెద్దుల కుర్రాడు, "తెల్లారగట్ట ఎవురో బాబు మా బసవన్నని దెయ్యానివా అనడిగాడమ్మా, నేను బొంతలోంచి విన్నా, పళ్లసంచి పారేసి పరిగెత్తాడు" అని చెప్పాడు. మా నాయనమ్మ గొడుగు కడిగి అటక మీద పడేసి, నా చెవి మెలిపెట్టి, "పదో తరగతి అయ్యేదాకా నీ నోరు లేవకూడదు. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి" అంది.

ఆ రోజే గంగిరెద్దు మాస్టారి వాకిట్లో ఆగింది. మామూలుగా ఆయన శ్రమ గౌరవం మీద చిన్న ఉపన్యాసమిచ్చి పంపేసేవారు. ఆవేళ సన్నాయి వినగానే బయటికొచ్చి అరుగు మీద నిలబడిపోయారు. చెవుల వెనక ఇంకా తెల్లగా ఉంది. "దొరగారికి దండం పెట్టు బసవన్నా" అన్నాడు వాడు. బసవన్న మాస్టారి మొహంలోకి చూసి, పాతపరిచయం కొద్దీ మిగతా గుమ్మాల దగ్గరకన్నా రెండుసార్లు ఎక్కువ ఊపింది. మాస్టారు లోపలికెళ్లి కొత్త పంచెల చాపు తెచ్చి వాడి చేతిలో పెట్టి తలుపేసుకున్నారు.

అసలు అవస్థ ఆ తర్వాత. తెల్లదొర దెయ్యం గుట్టు తేల్చమని ఊళ్లో కుర్రాళ్లే ఒక కమిటీ వేశారు. జన విజ్ఞాన వేదిక వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది, కుర్రకారు మంచి ఊపులో ఉన్నారు. కమిటీకి పెద్ద ఎవరు? ఇంకెవరు! ఆ దెయ్యాన్ని ఒక్క మాటతో చంపగలిగిన మనిషి లోకంలో ఒక్కడే. కానీ దానితోపాటు తన పరువూ చావాలి. మాస్టారు రెంటినీ బతికించే దారి వెతుక్కున్నారు. మంచు మీద వెలుగు పడి ఏర్పడిన భ్రమ అన్నారు. కుళ్లిన తుంగలోంచి లేచే మీథేన్ అన్నారు. తెల్లమొహం గుడ్లగూబ అన్నారు. ముగ్గురూ ఒకేసారి చూశారంటే సామూహిక భ్రాంతి అన్నారు. ముగ్గులేసినావిడ ఒకామె లేచి, "గుడ్లగూబ పంచె కట్టుకుంటుందా మాస్టారూ?" అని అడిగింది. ఆయన చెప్పిన కారణాలన్నీ అబద్ధమని ఊరంది. ఆయన సభలన్నిటిలోకీ ఊరు నిజం మాట్లాడింది ఆ ఒక్క రోజే.

ఆ తర్వాతా ఆయన ఆగలేదు. ఇంగ్లండులో కవెంట్రీ యూనివర్సిటీకి చెందిన విక్ టాండీ, ఫ్యాను పుట్టించిన పంతొమ్మిది హెర్ట్జ్‌ల వినపడని ధ్వని వల్ల మనుషులకి ఏదో ఆకారం కనిపించినట్టు, ఒళ్లు జలదరించినట్టు అవుతుందని 1998లో రాశాడు. ఆ సంగతి ఎక్కడో చదివి మాస్టారు మహా సంబరపడిపోయారు. దొర దెయ్యానికి కారణం మన రైసుమిల్లే అని తేల్చారు. ఆ రాత్రికి మిల్లు మూసి రెండేళ్లని మా నాయనమ్మ గుర్తు చేసింది. ఆవిడతో వాదనకి ఆయన ఎప్పుడూ దిగేవారు కాదు. మా అటక వైపు ఓసారి చూసి కాఫీ తాగేవారు.

ఇవన్నీ తర్వాతి మాటలు. దొర పుట్టిన వారంలోనే, పండగ వెళ్లీ వెళ్లకముందే, మా వీధి ఆడవాళ్లు నలుగురు మాస్టారింటికొచ్చారు. ప్రశ్నపత్రాల కట్ట మోసుకెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. వాళ్లకొచ్చిన చిక్కు న్యాయమైనదే. తలుపుల మీద ఉన్న రాత స్త్రీని ఉద్దేశించింది. వచ్చేవాడు మగాడు, పైగా దొర. తెలుగు చదవడం రాకపోతే ఆగుతాడా?

"తెలుగు నేర్చిన దొరలూ ఉన్నారమ్మా. బ్రౌన్ దొర నిఘంటువే రాశాడు" అన్నారు మాస్టారు అలవాటుకొద్దీ. అని నాలుక్కరుచుకున్నారు.

"ఈయన ఆ దొర కాదుగా బాబూ" అని, ఒకావిడ కొంగుచాటునుంచి పలక తీసింది. పదో తరగతి కుర్రాడెవడో ఇంగ్లీషులో "కమ్ టుమారో" అని రాసిచ్చాడు. తప్పులుంటే దొర నవ్వుకుని లోపలికొచ్చేస్తాడేమోనని భయం. ఒకసారి చూసిపెట్టమన్నారు.

మాస్టారు పలక అందుకుని చాలాసేపు చూశారు. నా వైపొకసారి చూశారు. నేను ప్రశ్నపత్రాలు లెక్కపెడుతున్నాను.

"టుమారోకి ఆర్లు రెండమ్మా" అని సుద్దముక్క తీసి దిద్దారు. ఆవిడ పలక తీసుకుని మెట్లు దిగబోతుంటే మళ్లీ వెనక్కి పిలిచారు. మొదట్లో కాస్త చోటు చూసుకుని, వంకర లేకుండా, "ప్లీజ్" అని చేర్చి ఇచ్చారు.

"దొరలకి మర్యాద పట్టింపు" అన్నారు.